జంపయ్య రాసిన బఫర్

“జంపయ్యయితే ఈపాటికి ముగించి ఇంటికెళ్లేవాడమ్మా,” అన్నాడు వెంకటరామారావు, పుష్పలత కంప్యూటర్ మీదికి వంగి చూస్తూ.

పుష్పలత పళ్లు బిగబట్టింది. అశ్వారావుపేటలోని ఆయన కంపెనీలో చేరి ఏడాదైంది. ట్రాక్టర్లు తూచే కాటాలకు బిగించే పెట్టెలు అక్కడ తయారవుతాయి. పెట్టెలోని ఆపరేటింగ్ సిస్టం కాటా నుంచి తూకం అందుకుని మెమరీ కార్డులో రాస్తుంది. జంపయ్య ఉండేది సారపాక బ్రాంచిలో. అతణ్ని ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆ పేరు వినని రోజు మాత్రం లేదు. సారు గురువారం గురువారం సారపాక వెళ్తుంటే, ఆ జంపయ్యను మెచ్చుకోవడానికే వెళ్తున్నాడనిపించి కడుపు రగిలిపోయేది.

ఇప్పుడొచ్చిన చిక్కు అతని కోడ్‌లోదే. మిల్లుకు పామాయిల్ గెలల ట్రాక్టర్లు వరసగా వస్తే ఒకటీ రెండు తూకాలు మాయమవుతున్నాయి. నిన్న సోమ్లి అనే రైతు, “నా బండి తూకం ఏదిరా?” అంటూ మిల్లు గేటుకు అడ్డంగా కూర్చుంది. వారంలో బాగుచేయకపోతే పెట్టెలు పీకేస్తామన్నారు మిల్లువాళ్లు.

“కోడ్ జంపయ్యది. దిద్దేది నేనా సార్?”

“అతనికక్కడ ఊపిరాడని పనుందమ్మా. నువ్వు చెయ్యి, చూద్దాం.”

ఆ ‘చూద్దాం’ ఆమెకు ముల్లులా దిగింది.

మూడు రోజులు జంపయ్య కోడ్ చదివింది. ఎక్కడ చూసినా పొందిగ్గా ఉంది. ఆ పొందిక చూసే ఒళ్లు మండింది. నాలుగో రోజు దొరికింది తప్పు. కార్డుకెక్కేదాకా తూకాలు ఆగే జాగాగా అతను ఒకే బఫర్ పెట్టాడు, నిండగానే మళ్లీ మొదటికి తిరిగేది. కార్డులో రాయడం ఆలస్యమైతే, కొత్త తూకం వచ్చి ఇంకా రాయని పాతదాన్ని చెరిపేస్తోంది.

పుష్పలత ఆ జాగాను చిన్న చిన్న గదులుగా విడగొట్టింది. ఖాళీవి ఒక వరస, నిండినవి ఒక వరస. నిండిన గదిలోని తూకం కార్డుకెక్కాకే ఆ గది మళ్లీ ఖాళీ వరసలోకొస్తుంది. ఖాళీ గది లేకుంటే ఎర్రలైటు వెలిగి తర్వాతి ట్రాక్టర్ ఆగుతుంది.

శుక్రవారం మిల్లుకు నూటపది ట్రాక్టర్లొచ్చాయి. ఒక్క తూకం పోలేదు.

వెంకటరామారావు లెక్కంతా చూశాడు. “బానే ఉంది. ఒకసారి జంపయ్యకు చూపించి రామ్మా.”

ఇంత చేసినా ముద్ర వేసేది అతనేనా! ఉడుక్కుంటూనే సారపాక మీదుగా పోయే భద్రాచలం బస్సెక్కింది. తన తప్పు తాను చూసుకున్నప్పుడు ఆ మహానుభావుడి ముఖం ఎలా మాడుతుందో కళ్లారా చూడాలి. దారిపొడుగునా అదే ఆశ.

సారపాక ఆఫీసులో బక్కపల్చగా, కళ్లజోడుతో ఉన్నాడు జంపయ్య. పేరు చెప్పగానే గతుక్కుమని, కుర్చీ లాగి వేశాడు. ఆమె తెచ్చిన లాప్‌టాప్ ముందుకు జరుపుకుని, తలెత్తకుండా చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికెళ్లి ఇంకోసారి చదివాడు. ముఖం నిజంగానే మాడిపోయింది. పుష్పలతకు ఏడాది కరువు తీరినట్టయింది.

“ఎట్లుందన్నా?”

“మంచిగుంది.” లాప్‌టాప్ ఆమెవైపు తిప్పాడు. “ఏదన్న తప్పు దొరుకుతదేమోనని రెండుసార్లు చూసిన. దొరకలే.”

“తప్పెందుకు ఎతుకుడు?”

జంపయ్య కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

“ఏడాది సంది సారు గురువారం గురువారం వచ్చి, నీ పేరు చెప్పి నన్ను తిడుతుండు చెల్లె.”