సవతికి చలికాలం

"మంటగా ఉందా?"

"అబ్బే, హాయిగా ఉంది."

"దురద గానీ?"

"ఏం లేదు. ఇంకాస్త పుయ్యి."

కుట్టుమిషను ముందు కుర్చీలో వెనక్కి వాలి, దర్జీ పనిచేసే ఆ ఇల్లాలు కళ్ళు మూసుకుంది. భర్త నేలమీద కూర్చుని ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని మడమ పగుళ్ళకు లేపనం పూస్తున్నాడు. చలికాలం వచ్చిందంటే ఆమె మడమలు బీటలు వారతాయి, దుప్పటి పోగులు వాటికి తగులుకుంటాయి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పట్టించుకున్న పాపాన పోలేదు మహానుభావుడు.

"ఇవాళ సూర్యుడు పడమట గానీ పొడిచాడా?" అంది మురిసిపోతూ.

"అదేం లేదులే. రేపటిదాకా నీకు మంట రాకపోతే పెద్దావిడకి పూద్దామని."

ఆమె చటుక్కున కాలు లాక్కుంది.

"అంటే నా కాళ్ళమీద పరీక్ష చేసి నా సవతికి పూస్తావా? నేనేమన్నా ప్రయోగాల ఎలకనా?"

"నీకు పడితే ఆవిడకీ పడుతుందే. ఇద్దరివీ ఒకే రకం పగుళ్ళు."

"ఒకే రకమట! నా కాళ్ళెక్కడ, ఆ మహాతల్లి కాళ్ళెక్కడ!"

సవతి అన్నది ఆమె సరదాకి పెట్టుకున్న పేరు. అతను పనిచేసే చోట అందరూ పెద్దావిడ అనే అంటారు. కుర్రతనంలో ఆ కొలువులో చేరిన నాటినుంచీ ఆవిడ ఆలనాపాలనా అతనిదే. స్నానం, తిండి, మందులు, అలకలు, అన్నీ. పెళ్ళిరోజున కూడా ఆవిడ కడుపు నింపి గానీ పెళ్ళికొడుకు పీటలదగ్గరకు రాలేదు. దాన్ని ఇల్లాలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఈసారి ఎంత దెప్పినా అతను నవ్వలేదు. ఆమె ముందుకు వంగింది.

"డాక్టరమ్మ ఏమంది?"

"పాదాల పగుళ్ళు లోతుకి దిగాయంది. చీము పడితే నిలబడలేదట, నిలబడలేకపోతే బతకదట. మళ్ళీ వచ్చి చూసేసరికి మూసుకోకపోతే ఎక్కడో వెచ్చగా ఉండే చోటికి పంపేస్తారు." అతను లేపనం డబ్బా పక్కన పెట్టేశాడు. "నన్ను వెంట రానివ్వరు. ఈ వయసులో కొత్తవాళ్ళ చేతి ముద్ద తింటుందా? బెంగతోనే పోతుంది."

బెంగతో పోయేది ఎవరో ఇల్లాలికి తెలుసు. ఆవిడ వెళ్ళిన మర్నాటినుంచే ఈయనా మంచం పడతాడు. ఆ భయంతో ఇందాక లాక్కున్న కాలు మళ్ళీ అతని ఒళ్ళో పెట్టేసింది.

"ఊఁ, ఈ మడమకీ పుయ్యి. అసలు ఎందుకిలా అయిందట?"

"చలిగా ఉందని పొగలు కక్కే నీళ్ళు పోసి రోజూ తోమేవాణ్ణి కదా. చర్మంలోని తడంతా అవే లాగేశాయట."

ఇక మొగుడూ పెళ్ళాలిద్దరూ నడుం బిగించి పెద్దావిడ చర్మానికి ఓ దినచర్య కట్టారు. స్నానం రోజు విడిచి రోజు, అదీ గోరువెచ్చటి నీళ్ళతో. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే నూనె. ఆ తర్వాత పాదాలకు లేపనం. ఏది తెచ్చినా ముందు ఇల్లాలి మడమకే. కలబంద గుజ్జు ఆమెకి భేషుగ్గా పడింది గానీ పెద్దావిడకి నచ్చలేదు, పూసిందంతా గోడకి రాసేసింది. గులాబీ క్రీము వాసన చూసి ఆవిడ తుమ్మిన తుమ్ముకి డబ్బా అల్లంత దూరాన పడింది. చివరికి తేనెమైనం, కొబ్బరినూనె కలిపి కాచినది ఇద్దరికీ కుదిరింది.

అయినా పగుళ్ళు మూసుకోవడం లేదు.

"తెల్లారేసరికి పూసిందంతా గచ్చుకే అంటుకుంటోందే," అన్నాడు నీరుగారిపోయి.

"నాలాగా మేజోళ్ళు తొడగొచ్చుగా."

"ఆవిడ సైజు ఏ కొట్లో దొరుకుతుంది?"

"ఇంట్లో దర్జీని పెట్టుకుని కొట్లెందుకయ్యా!"

పాత కంబళి కత్తిరించి అప్పటికప్పుడు రెండు జతలు కుట్టింది. పెద్దావిడ వాటిని లాగి అవతల పారేసింది. ఇల్లాలు తిట్టుకుంటూనే ఇంటికి తెచ్చి, అతని పాత చొక్కా చింపి వాటికి లోపల అస్తరు వేసింది.

"నీ వాసన తగిలితే ఊరుకుంటుందేమో చూడు. నీ మీద ఎంత ప్రేమో నాకు తెలీదూ!"

నిజంగానే ఊరుకుంది.

డాక్టరమ్మ వచ్చే రోజున ఇల్లాలు కుట్టుపని కట్టిపెట్టి అతనికి తోడు వెళ్ళింది. డాక్టరమ్మ వంగి, మేజోళ్ళు విప్పి, టార్చి వేసి పాదాలు చూడసాగింది. ఒక్కో పగులునీ వేలితో తడిమింది. అతను చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఈ మేజోళ్ళు ఎవరి ఆలోచన?"

"నాదేనమ్మా," అంది ఇల్లాలు బెదురుతూ. "ఏమన్నా తప్పయిందా?"

"తప్పేమిటమ్మా! పగుళ్ళన్నీ మూసుకున్నాయి, కొత్త చర్మం వచ్చేసింది. ఎక్కడికీ పంపక్కర్లేదు, ఇక్కడే ఉంటుంది."

అతను ఉన్నచోటనే చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఇల్లాలు హమ్మయ్య అని గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్ళూ ఎంత బరువు మోసిందో దించాక గానీ ఆమెకే తెలియలేదు.

"ఇక ఏడుపాపు. ఊరంతా చూస్తోంది," అని అతన్ని కసిరి, మోచేత్తో తన కళ్ళూ తుడుచుకుని పెద్దావిడ ముందుకెళ్ళి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "నువ్వే గెలిచావులేవే సవతీ!"

సవతి తొండం చాచి ఆమె భుజం మీద వేసింది.