రెండు బోల్టులు

తన పికప్ బండి వెనక కోడిగుడ్డును నిలబెట్టి హైవే మీద వందలో పోయినా, ఆ గుడ్డు పక్కకు ఒరగదని డ్రైవరు కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు.

గుడ్డు సంగతేమో గానీ, పోయిన నెలలో తొమ్మిది అద్దాలు పగిలాయి.

అరవై దాటేదాకా ఆ బండి మహా బుద్ధిమంతురాలు. దాటిందంటే వెనక భాగం గెంతులు మొదలుపెట్టేది. ఒకసారి అది గాల్లో ఉండగా కింది నుంచి ఓ కుక్క తీరిగ్గా రోడ్డు దాటిందని చూసినవాళ్లు చెబుతారు.

అద్దాల షాపు ఓనరమ్మ అడిగితే మాత్రం, బండిలో ఏ లోపమూ లేదని, గోడౌన్లో ప్యాకింగ్ చేసేవాళ్లకే చేతులు పట్టుతప్పాయని కళ్లార్పకుండా చెప్పాడు. తలుపుల వెనక ప్యాకింగ్ చేసేదెవరో అతనెన్నడూ చూడలేదు. చూడనివాళ్ల మీద నెపం వేస్తే ఓ సుఖముంది. ఎదురు మాట్లాడరు.

"సరే, ప్యాకింగ్ సంగతి నేను చూసుకుంటా," అంది ఓనరమ్మ. "ఆ తర్వాత కూడా ఒక్కటి పగిలిందా, నీ బండి మళ్లీ నా షాపు ముందు ఆగదు."

ఆమె ఇచ్చే లోడు తప్ప అతనికి వేరే లోడు లేదు.

వారం తర్వాత ఓ డ్యాన్స్ స్కూలు కోసం, షాపుకి చేర్చమని గోడౌన్లో ఆరు నిలువుటద్దాలు ఎక్కించారు. బండి గెంతకుండా వెనక ఇసుక బస్తా ఒకటి వేద్దామని అతను వెతుకుతుంటే, గోడౌను గేటు దగ్గర భుజాన గుడ్డసంచితో ఓ పెద్దాయన చెయ్యెత్తాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనకే కూర్చుంటానన్నాడు.

డ్రైవరు మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఇసుక బస్తానైతే మోసి ఎక్కించాలి. ఈయన తనంతట తానే ఎక్కాడు.

"కొంచెం వెనక్కి, చక్రాల మీదికి జరగండి పెద్దాయనా. అక్కడ గాలి బాగా తగులుతుంది."

గాలి బాగానే తగిలింది. బండి డెబ్బై అందుకునేసరికి పెద్దాయనా ఆరు అద్దాలూ కలిసి లేచి, విడివిడిగా దిగుతున్నారు.

కాసేపటికి క్యాబిన్ వెనకద్దం మీద టకటకా చప్పుడైంది. డ్రైవరు పెట్రోలు బంకు పక్కన ఆపాడు.

పెద్దాయన దిగి జుట్టు సర్దుకున్నాడు. ముఖంలో కోపమేమీ లేదు.

"ఒక గతుక్కి ఆరుసార్లు ఎగురుతోంది బాబూ. ఒక్కసారి ఊగి ఆగిపోవాలి."

తప్పు రోడ్డుదన్నాడు డ్రైవరు. తర్వాత గాలిదన్నాడు. భూమి గుండ్రంగా ఉండటం దాకా వచ్చేసరికి పెద్దాయన బండి కిందికి దూరి, మళ్లీ బయటికొచ్చాడు.

"షాక్ అబ్జార్బర్లు రెండూ వేలాడుతున్నాయి. కింద బోల్టులు లేవు."

"ఊడి పడిపోయుంటాయి."

"ఊడిపోతూ వాటిని తీగతో కట్టి మరీ పోయాయా?"

రెండు నెలల కిందట అవి కిర్రుకిర్రుమంటుంటే విప్పి తీగతో కట్టేసింది డ్రైవరే. కిర్రు పోయింది. మెకానిక్ అక్కర్లేకుండా బాగుచేశానని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

"ఎక్కడ పెట్టావు?"

నోరు ఇంకా ఆలోచిస్తుండగానే, చెయ్యి వెళ్లి డాష్‌బోర్డు అర తెరిచింది. పళ్లూడిన దువ్వెన కింద రెండు బోల్టులున్నాయి.

పెద్దాయన సంచిలోంచి మందపాటి రబ్బరు ముక్క తీసి, బిళ్లలుగా కోసి, కిర్రుమనకుండా వాటితో కలిపి బోల్టులు బిగించాడు. ఆ పని చేస్తూ అన్నాడు:

"దేన్నైనా గట్టిగా నొక్కిపెడితే పగులుతుంది బాబూ. గాలికొదిలేసినా పగులుతుంది. ఊగనివ్వాలి, ఊగినదాన్ని పట్టుకోవాలి."

"మీరు మెకానిక్కా?"

"కాదు," అని పైకెక్కి, అద్దాల తాళ్లు విప్పి మళ్లీ కట్టాడు. ఆయన వేళ్ల మధ్య తాడు తనంతట తనే ముడి పడుతున్నట్టుంది.

ఈసారి డ్రైవరు ముందుకొచ్చి కూర్చోమని బతిమాలాడు. అద్దాల దగ్గరే బాగుందన్నాడాయన.

బండి ఎనభైలో నూనె రాసినట్టు పోయింది. రెండు నెలలుగా పళ్లు బిగించుకునే బండి తోలుతున్నానని డ్రైవరుకి అప్పుడే తెలిసింది. దవడ వదిలేస్తే హాయిగా నొప్పెట్టింది.

షాపుకి ఒక మలుపు ముందే పెద్దాయన దిగిపోయాడు. దిగినవాడు రోడ్డు దాటి, వచ్చిన దారినే తిరిగిపోయే బస్సు కోసం నిలబడ్డాడు. ఇదేం ప్రయాణమో డ్రైవరుకి అర్థం కాలేదు.

షాపులో ఆరు అద్దాలూ విప్పి గోడకి వరసగా ఆనించారు. ఒక్క గీత లేదు. ఓనరమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

డ్రైవరు ఊరుకుంటే బాగుండేది.

"చెప్పలేదాండీ? బండిలో ఏముంది. ప్యాకింగ్ మారింది, అద్దాలు నిలిచాయి."

ఓనరమ్మ విప్పిన తాళ్లలో ముడి విడని ఒక తాడు పట్టుకుని చూస్తోంది.

"ప్యాకింగ్‌కి కొత్తగా పెట్టినవాడికి ఈ ముడి రాదే. దారిలో ఎక్కడైనా ఆగావా?"

డ్రైవరు నోరు తెరిచాడు. ఎదురుగా ఆరు అద్దాల్లో ఆరుగురు డ్రైవర్లు అబద్ధానికి నోళ్లు తెరిచారు. ఏడుగురు కలిసి ఆడినా అతికే అబద్ధం అతనికి ఒక్కటీ తట్టలేదు.

"బోల్టులు నేనే విప్పానండి," అన్నాడు. "ఆ తొమ్మిది అద్దాలూ నా పుణ్యమే. ప్యాకింగ్ తప్పేం లేదు. ఇవాళ ఎవరో పెద్దాయన బిగించి పెట్టాడు."

గుండె ఒక్కసారి ఎగిరి, ఆగింది. బాగుచేసిన బండిలాగే.

"ఎక్కడున్నాడాయన?"

"మలుపు దగ్గర, బస్సు కోసం. ఎవరండీ ఆయన?"

ఓనరమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది.

"బండి తియ్యి, బస్సు రాకముందే. ముప్పై ఏళ్లు నా గోడౌన్లో అద్దాలు ప్యాక్ చేసినాయన. నీ మాట నమ్మి పోయిన వారం పని మాన్పించింది ఆయన్నే."