శుక్రవారం వచ్చే ఆవిడ

“ఇందులో నువ్వు ఎక్కుతావా తల్లీ?”

విమానం ఇంజను దగ్గర డెలానీ చేతిలో ప్లయర్ ఆగిపోయింది.

అడిగింది ఆర్లీన్. ప్రతి శుక్రవారం కాలేజీలో విమానాలుంచే హ్యాంగర్‌కి వచ్చి ఓ మూల కూర్చునే ముసలావిడ. విమానాల మరమ్మతు నేర్చుకునే పిల్లలు పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే చాలు, దగ్గరికొచ్చి ఇదే మాట అడిగేది.

మామూలు రోజుల్లో అయితే పిల్లలు నవ్వేసేవాళ్ళు.

“ఎందుకెక్కను మామ్మగారూ, కునుకు తీయడానికి భలేగా ఉంటుంది” అనేవాడు డస్టిన్.

నిజమే. ఆ పాత విమానం ఎగరడం మానేసి ఏళ్ళు గడిచాయి. విప్పడం, బిగించడం నేర్పడానికే దాన్ని అక్కడ ఉంచారు.

క్యాబేజీ, మాంసం కూరి ఆవిడ చేసుకొచ్చే వేడి వేడి బీరాక్ బన్నులు మాత్రం ఒక్కటి కూడా మిగిల్చేవాళ్ళు కాదు.

కానీ ఇవాళ మామూలు రోజు కాదు. విచిటా నగరంలోని ఓ విమానాల కంపెనీ, ఉద్యోగాలకి పిల్లల్ని ఎంచుకోవడానికి మనుషుల్ని పంపింది. వాళ్ళిద్దరూ డెలానీ వెనకే నిలబడి ఉన్నారు.

“చెప్పు తల్లీ, ఎక్కుతావా?”

డెలానీ ఇంజను వైపు చూసింది. బోల్టులు వదులు కాకుండా అన్నిటికీ తీగ చుట్టిందా? అవతలి వైపు బోల్టుకి చుట్టిందో లేదో ఎంతకీ గుర్తు రాలేదు. ఎక్కుతానని అనలేకపోయింది.

కంపెనీ మనుషులు మొహమొహాలు చూసుకుని పక్క కుర్రాడి దగ్గరికి వెళ్ళిపోయారు.

“మీ పుణ్యమా అని ఉద్యోగం పోయింది” అంది డెలానీ. “అసలు మీకు విమానాల గురించి ఏం తెలుసు?”

“ఏమీ తెలీదు. ఎక్కేవాళ్ళకి ఏం తెలుస్తుంది తల్లీ? మీకే తెలియాలి.”

“ఇంట్లో పొద్దుపోకపోతే ఇంకెక్కడికైనా వెళ్ళండి. మా ప్రాణాలు తీయకండి.”

ఆర్లీన్ ఖాళీ బన్నుల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

డెలానీ కోపం అంతటితో చల్లారలేదు. నేరుగా డీన్ ఆఫీసుకు వెళ్ళింది.

“కాలేజీకి సంబంధం లేని మనిషి హ్యాంగర్‌లో తిరుగుతోంది. తట్టుకుని పడితే ఎవరిది పూచీ?”

డీన్ ఆ కాలేజీకి కొత్త. వెంటనే పాఠాలు చెప్పే ఉన్రూని పిలిపించాడు.

“ఆవిడ మీ క్లాసుకే వస్తున్నారట. మీకేమవుతారు?”

ఉన్రూ తల వంచుకున్నాడు.

“ఏమీ కారు.”

“అయితే రావద్దని చెప్పండి.”

ఉన్రూ ఏదో చెప్పబోయి, అక్కడే ఉన్న డెలానీని చూసి ఆగిపోయాడు.

మరుసటి శుక్రవారం మూల కుర్చీ ఖాళీ. డస్టిన్ ఒక్కడే “బన్నులు పోయాయిరా” అని వాపోయాడు.

ఆ తర్వాత ఉన్రూ పాఠాలు కుంటుపడ్డాయి. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. తను చేసి చూపించాల్సిన పనిని పిల్లల చేత చేయించేవాడు. క్రిస్మస్ సెలవులు రాకముందే, ఒంట్లో బాగుండడం లేదని ఉద్యోగం మానేశాడు. ఏనాడూ గొంతు పెంచని మేస్టారు. అందరూ బాధపడ్డారు. డెలానీ కూడా.

చదువు పూర్తయింది. డెలానీకి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది.

ఓ మధ్యాహ్నం రెక్క కింద మూత బిగించి లేవబోతుంటే, ఆర్లీన్ అడిగే మాట చెవిలో పడ్డట్టయింది. విసుక్కుంటూనే మూత మళ్ళీ తెరిచింది.

లోపల ఓ బోల్టుకి తీగ లేదు.

డెలానీ దానికి తీగ చుట్టి, పక్కనున్నవన్నీ మరోసారి తడిమి చూసింది. ఆ విమానం మర్నాడు గాల్లోకి లేవాలి.

ఆ ఆదివారం డస్టిన్‌ని అడిగి ఆర్లీన్ అడ్రసు కనుక్కుంది. న్యూటన్ ఊరు దాటాక, గోధుమ చేల మధ్య చిన్న ఇల్లు. క్షమించమని అడగాలని దారి పొడవునా మాటలు కూర్చుకుంది.

తలుపు తీసింది ఆర్లీన్ కొడుకు.

“అమ్మ వసంతంలోనే పోయిందమ్మా” అన్నాడు. “నువ్వు ఆ కాలేజీ పిల్లవా? రా, కూర్చో.”

కూర్చుంది.

“మీరంటే అమ్మకి ప్రాణం. ఎవరో అమ్మాయి ఫిర్యాదు చేసి మాన్పించిందట. మేం మండిపడితే, ‘పాపం ఉద్యోగం కంగారులో ఉంది, చిన్నపిల్ల, వదిలేయండి’ అంది.”

డెలానీ కళ్ళు ఎత్తలేకపోయింది.

“ఆవిడకి విమానాలంటే అంత ఇష్టమా?” అని మాత్రం అడగగలిగింది.

“ఇష్టమా? అటు వైపు చూసేది కూడా కాదు. మా నాన్న చేలకి మందు చల్లే విమానం నడిపేవాడు. మరమ్మతు చేసినాయన ఒక్క బోల్టుకి తీగ చుట్టడం మరిచిపోయాడు. అది ఆ కనిపించే చేలోనే కూలిపోయింది. నాన్న దక్కలేదు.”

“ఆయన్ని ఏం చేశారు?”

“మేమేం చేస్తాం. ఆయనే పనిముట్లు ముట్టుకోవడం మానేశాడు. తిండి కూడా మానేశాడన్నారు. అమ్మే వెళ్ళి, బతిమాలి, చెయ్యి పట్టుకుని మీ కాలేజీకి తీసుకెళ్ళింది. ఇతని కంటే జాగ్రత్తగా నేర్పేవాడు మీకు దొరకడని అప్పటి డీన్‌తో చెప్పి మరీ చేర్పించింది.”

డెలానీ తలెత్తి చూసింది.

“ఎవరాయన?”

“మీ ఉన్రూ గారే” అన్నాడు అతను. “వారానికోసారైనా అమ్మ ఎదురుగా కూర్చుని ‘నేనేమీ అనుకోవడం లేదు, చెప్పు’ అన్నట్టు చూస్తే తప్ప ఆయన మీకు పాఠం చెప్పలేకపోయేవాడు.”