ఆయిల్ ట్యాంకు మీద కాపురం

నడిసముద్రపు దీవిలో, నావికాదళం ఆయిల్ ట్యాంకు మీద కట్టిన రెండు గదుల ఇంట్లో చినప్పన్న, గురమ్మ కాపురముంటున్నారు. శత్రువుల విమానవాహక నౌక నుంచి వచ్చే పైలట్ లేని విమానాలు మనిషి కనబడిన చోట బాంబు వెయ్యవు. అందుకే వాళ్లకి ఆ ఉద్యోగం. సైరన్ మోగగానే అందరూ కొండ కింది సొరంగంలోకి పరిగెడతారు. వీళ్లిద్దరూ మాత్రం వాకిట్లోకి వచ్చి నిలబడాలి.

ఆ ఉదయం సైరన్ మోగేసరికి గురమ్మ బట్టలు ఆరేస్తోంది. ఆమెకు ఏడో నెల.

"నువ్వు సొరంగంలోకెల్లిపోయే. ఆటికి ఒక మనిసి కనబడితే సాలు," అన్నాడు చినప్పన్న.

"నిన్నొగ్గేసి ఎలాగెల్తాను మావా?"

"కడుపులో బిడ్డుంది. నా మాటిను."

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంటూనే వెళ్లింది. విమానాలు గుంపుగా వచ్చి, అతని మీద ఒక చుట్టు తిరిగి, గురమ్మ లోపలికి దూరిన చోటు పసిగట్టి, ఇన్నాళ్లూ కనిపెట్టలేకపోయిన సొరంగం ద్వారం మీదికి మళ్లాయి. అక్కడ బయట మనిషన్నవాడు లేడు. కొండ కూలిపోయింది.

సాయంత్రం దాకా చినప్పన్న చేతులతోనే రాళ్లు తీశాడు. గురమ్మ దొరికేసరికి ఊపిరి లేదు.

ప్రాణాలతో బయటపడ్డ అధికారి ఒకాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపట్నుంచి ఈ గుమ్మం దగ్గర కూడా ఒక కుటుంబాన్ని పెడతాం, చినప్పన్నా," అన్నాడు ఓదార్పుగా.