ముందుకు జరిగిన చిల్లులు

పక్కన ఎక్కడో తుపాకీ పేలింది. వెంటనే జీపు వెనక, చేటలోకి గుప్పెడు బియ్యం విసిరినట్టు చప్పుడైంది. చిన్నది స్టీరింగ్ వదల్లేదు.

జీపుకు కట్టిన ట్రాలీ మీద నిలువెత్తు చెక్క పలక ఉంది. రెండు మంచాల పొడవు ఉంటుంది. దానికి అతికించిన తెల్లకాగితం నిండా చిల్లులు. వాడకం మానేసిన రన్‌వే పక్కన నిలబడ్డ బావ తుపాకీ దించి, బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు.

బావ తూటాలు తయారుచేస్తాడు. గాలిలోకి విసిరిన మట్టి పళ్లేలను పేల్చే పోటీల వాళ్లంతా ఆయన దగ్గరే కొంటారు. తుపాకీలోంచి బయటపడ్డ సీసం రవ్వలు దారిలో ఏం చేస్తాయో చూడాలని ఆయనకు పిచ్చి.

“నిలబెట్టిన కాగితం అబద్ధం చెబుతుందే చిన్నదానా,” అనేవాడు. “దాని మీద అన్నీ ఒక్కసారే, గుండ్రంగా తగిలినట్టుంటాయి. నిజానికి రవ్వలు పెళ్లివారిలా వెళ్తాయి. హుషారైనవాళ్లు ముందు, కాళ్లీడ్చేవాళ్లు వెనక. కాగితమే పరిగెత్తిందనుకో, ఎవరెప్పుడొచ్చారో బారుగా తెలిసిపోతుంది.”

అందుకే ఈ జీపు, ఈ పలక. ఇంతకుముందు జీపు నడిపింది అక్క.

ఒకరోజు రవ్వలు పలకకు తగల్లేదు. అక్క మెడకు తగిలాయి.

“బండి నెమ్మదించింది సార్,” అని బావ ఇన్‌స్పెక్టర్ ముందు తల బాదుకున్నాడు. “పలక ఉన్నచోట కాల్చం కదా. రవ్వలు చేరేసరికి అదెక్కడ ఉంటుందో అక్కడ కాల్చాలి. పలక ఆ చోటికి రానేలేదు. అక్కడ ఆవిడే ఉంది.”

ప్రమాదం అని రాసి ఫైలు మూసేశారు.

చిన్నది నమ్మలేదు. అక్క బండి నడిపితే ఒళ్లో పెట్టుకున్న నిండు గ్లాసు తొణికేది కాదు. పైగా పోయే ముందు వారం ఫోన్లో ఒక మాట అంది. “ఈమధ్య నన్ను కూడా పళ్లెం చూసినట్టే చూస్తున్నాడే.” చిన్నది అప్పుడు పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. పెద్దది పోయినా ఇంట్లో ఆమెను ఇంకా చిన్నదనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా పలకబుద్ధి కాదు.

పెళ్లాం పోయినా బావ పిచ్చి పోలేదు. కానీ ఆ సీట్లో కూర్చోవడానికి ఒక్క నాథుడూ దొరకలేదు.

“నేను నడుపుతా బావా,” అంది చిన్నది.

తల్లి లబోదిబోమంది. “ఒకదాన్ని మింగింది చాలదా? నీకేం పోయేకాలమే!”

“అక్కని ఊరికే పోనివ్వనమ్మా.”

అక్క సర్దుకున్న సీటును ఆమె అంగుళం కూడా జరపలేదు. చిల్లులు పడ్డచోట వేసిన కుట్లు వీపుకు గరగరా తగిలేవి. రన్‌వే మధ్యకొచ్చేసరికి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. పక్కన అక్క ఉన్నట్టే ఉండేది. డ్రైవింగ్ నేర్పిన రోజుల్లో అన్నట్టే అనేది, “మెల్లగా పోనివ్వవే, మెల్లగా.” భయం వేసేది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చేది. ఒక్క రవ్వ తోవ తప్పితే అక్కచెల్లెళ్లిద్దరి కథా ఆ సీట్లోనే ముగిసేది.

పలక మీద బావ గురి కోసం ఒక ఎర్ర చుక్క పెట్టాడు. మొదటి ఆదివారం చిల్లులన్నీ దాని చుట్టూనే పడ్డాయి. తర్వాతి ఆదివారం జానెడు ముందుకు పడ్డాయి. ఆ తర్వాత మూరెడు. చిన్నది ఏ వారం కాగితం ఆ వారం చుట్టి, మంచం కింద దాచింది.

బావ కంగారుపడ్డాడు. “తుపాకీ అదే, తూటా అదే, జీపు హోరూ అదే. పలకకు ఎంత ముందుగా గురి పెడతానో ఆ దూరమూ అదే. నా కళ్లే పోయుంటాయి.”

కొత్త కళ్లద్దాలు వచ్చాయి. చిల్లులు మాత్రం ఇంకా ముందుకే జరిగాయి. పలక అంచు దాకా, జీపు వైపే జరిగాయి.

“ఆపేద్దామే. నాకు భయంగా ఉంది,” అన్నాడు బావ.

“ఇంకొక్క వారం బావా.”

మర్నాడు ఆమె కాగితాలన్నీ తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద వరసగా పరిచింది. చూస్తూ చూస్తూ ఆయన మొహం రంగు మారింది.

“ఒకసారి గురి తప్పితే ప్రమాదం. వారం వారం ఒకే వైపు తప్పుతోందంటే గురి కుదురుతోందన్నమాట,” అన్నాడు. “మీ అక్కను కూడా ఇలాగే...”

ఆ ఆదివారం ఆయన పొదల వెనక నిలబడి చూశాడు. జీపు హోరెత్తుతూ వచ్చింది. తుపాకీ పేలింది. ఈసారి పలక చప్పుడు చేయలేదు. జీపు వెనక రేకు టపటపలాడింది.

పోలీసులు తుపాకీ లాక్కున్నారు. బేడీలు పడుతుంటే బావ గుండెలవిసేలా అరిచాడు. “చిన్నదానా, నువ్వైనా చెప్పవే! బండి నెమ్మదించిందా?”

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. “ఏమ్మా, వేగం తగ్గించావా?”

“ఇంజను హోరు మీరూ విన్నారు కదా సార్. ఎప్పటిలాగే వచ్చాను.”

ఆ హోరు బావ కూడా విన్నాడు.

పోలీసు బండి వెళ్లిపోయింది. రన్‌వే మీద పురుగు కూడా మిగల్లేదు. చిన్నది జీపెక్కి, హోరు తగ్గకుండా వేగాన్ని మాత్రం తగ్గించడానికి వారం వారం తాను దించుకుంటూ వచ్చిన గేరును మళ్లీ పైకి మార్చి, ఇంటిదారి పట్టింది.