కింది కీలు

"నేనొక మాట చెప్పొచ్చునా అమ్మా?"

పెబ్బేరు సంతలో సుహాసిని మైకు ముందుకు తనంతట తాను వచ్చింది ఆ ముసలాయన ఒక్కడే. మిగతా వాళ్లందరినీ ఆమె బతిమాలి నిలబెట్టుకుంది.

సుహాసిని వనపర్తిలో డిగ్రీ చదువుతూ ఓ చిన్న యూట్యూబ్ చానెల్ నడుపుతోంది. అందరూ ఫోన్లకు అతుక్కుపోయి చూస్తున్న సిరీస్ మీద ఈ వారం జనాభిప్రాయం. అందులో ఈ కాలపు ఎస్సై ఒకడు ఎనభై ఆరో సంవత్సరంలోకి వెళ్లిపడి, అప్పటి స్టేషన్లో ఉద్యోగం చేస్తుంటాడు.

"సిరీస్ ఎట్లుంది? మీరే ఎనభైలకు పోతే ఏం చేస్తరు?"

"ఈ హైవే పొంటి జాగలన్నీ కొంట," అన్నాడు ఎద్దుల బేరగాడు.

"హీరో మీసం మస్తుంది. కథ నాకు తెల్వదు," అంది కూరగాయలమ్మే అఖిల.

తర్వాత ముసలాయన. పేరు అడిగితే చెప్పాడు. కూతురి ఫోన్లో ఎనిమిది భాగాలూ చూశాడట.

"అంత మంచిగనే తీసిండ్రు. గా ఆరో భాగంల ఒక్కటే తప్పు."

"ఏం తప్పు తాతా?"

"హీరో పట్టపగలు లాకప్ తలుపు తీసి మనుషులను ఇడిచిపెడ్తడు గద. పక్కనే టేషన్ రైటరు కునుకు తీస్తుంటడు, లేవడు. గట్లెట్లయితది? ఆ కాలపు తలుపు తీస్తే బజారంత ఇనొస్తది. ముందుగాల కీళ్లకు నూనె పొయ్యాలె. పిల్లల తలకు పెట్టే కొబ్బరినూనె అయినా నడుస్తది. అది దిగేదాక ఆగి, తలుపును జర పైకి లేపి, మెల్లగ గుంజాలె."

చుట్టూ చేరిన వాళ్లు కిసుక్కుమన్నారు.

"ఎన్నిసార్లు తప్పిచ్చుకున్నవే తాతా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ముసలాయన కూడా నవ్వాడు.

"సరే తాతా, నువ్వు ఎనభైలకు పోతే ఏం చేస్తవ్?"

ఈసారి ఆయన నవ్వలేదు.

"చేసిందే మళ్ల చేస్త. కాకపోతే కింది కీలుకు జర ఎక్కువ నూనె పోస్త."

జనం పగలబడి నవ్వారు.

"ఇది ఎప్పుడొస్తదమ్మా? నా బిడ్డకు చూపియ్యాలె."

"ఆదివారం తాతా."

ఆదివారం వచ్చింది. పేరు చెప్పిన ముక్క దండగని సుహాసిని కత్తిరించింది. వెనక జోకరు మ్యూజిక్ పెట్టింది. పైన 'లాకప్ దొంగ తాత' అని రాసింది. మూడు రోజుల్లో నాలుగు లక్షల మంది చూశారు. కాలు నేల మీద నిలవలేదు ఆమెకు.

సుహాసిని ఇంట్లో ఆ వీడియో చూడనిది అవ్వ పెంటమ్మ ఒక్కతే. ఆమెకు ఫోన్ల మీద మోజు లేదు. పొద్దుగూకితే ప్రార్థనకు కూర్చుంటుంది. ఇంటిల్లిపాది పేర్లూ చెప్పి, చివర ఒక మాట కలుపుతుంది.

"ఆ పేరు తెల్వనాయనను సల్లగ సూడు తండ్రీ."

"ఎవరే అవ్వా ఆయన?"

"మా పానం నిలబెట్టినాయన. పేరడగకుండ వస్తిమి బిడ్డా. సచ్చేలోపల ఒక్కసారన్న ఆ పేరు పెట్టి దేవునికి చెప్పుకోవాలె."

నలభై ఏళ్లుగా అదే మాట. అవ్వ అంతదాకా వచ్చేసరికి సుహాసిని చూపు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటుంది.

గురువారం, నవ్వుల బొమ్మల మధ్య ఒక కామెంటు కనిపించింది.

'నేను గోపాల్‌పేట గీతను. వీడియోల ఉన్నది మా నాయన. మొన్న చనిపోయిండు. దొంగ అనే మాట తీసెయ్ చెల్లె. ఆయన రెండేండ్లు పోలీసు కొలువు చేసిండు. తర్వాత తీసేసిండ్రు. ఎందుకని ఎంత అడిగినా చెప్పకుండనే పోయిండు.'

సుహాసినికి ముఖం చెల్లలేదు. వెంటనే వీడియో తీసేసింది. కత్తిరించకుండా దాచిన అసలుది పెట్టుకుని, నవ్వకుండా మొదటిసారి విన్నది.

పక్కన ఏదీ పట్టించుకోకుండా బియ్యం ఏరుతున్న పెంటమ్మ చేయి, కీలు మాట దగ్గర ఆగిపోయింది.

"మళ్ల పెట్టు."

ఆ చివరి మాటలే మళ్లీ పెట్టింది.

"కింది కీలు అన్నడా బిడ్డా?"

"అవునే. ఏమైంది?"

"కిర్రుమన్నది గదే!"

అవ్వ బియ్యం చాట పక్కకు నెట్టింది.

"కాలువ పనికి పోయినం. ఇంటికి పోతమంటే, మమ్మల్ని పనికి తోల్కపోయిన గుంపు మేస్త్రి దొంగలని చెప్పి లాకప్‌ల పెట్టిచ్చిండు. పొద్దుగూకితే వచ్చి మళ్ల పనికి తోల్కపోతడట. పదకొండు మందిమి. మీ నాయన నా సంకల మూడు నెలల పసిగుడ్డు, ఒళ్లు కాగిపోతుండె. పగటిపూట ఓ పడుసు పోలీసు కటకటాల కాడికొచ్చి, 'అక్కా, నూనె ఉందా?' అన్నడు. మీ నాయన తలకని దాచుకున్న బుడ్డి ఇచ్చిన. పై కీలు సప్పుడు కాలే. కిందిదానికి నూనె సాల్లే. రైటరు లేచి ఆయన రెక్క పట్టుకున్నడు. అయినా ఆయన మమ్మల్ని ఉరుకుమనే చెప్పిండు. ఎనక్కి సూడకుండ ఉరికినం."

ముక్కూ మొహం తెలియని పదకొండు మంది కోసం కొలువు పోగొట్టుకున్న మనిషి, నలభై ఏళ్లకు కూడా నూనె తక్కువైందనే బాధపడ్డాడు.

"పేరేంది బిడ్డా ఆయనది?"

సుహాసిని వీడియోను మొదటికి జరిపి, తాను కత్తిరించిన ముక్కను వినిపించింది.

"నా పేరు మాసయ్య, తల్లీ."

పెంటమ్మ ఫోను వైపు రెండు చేతులూ జోడించింది. "మాసయ్య, మాసయ్య" అని చిన్నపిల్లలా వల్లెవేసుకుంది.

సుహాసిని కళ్లు తుడుచుకుని కామెంటుకు జవాబు రాసింది.

'నన్ను మాఫ్ చెయ్ గీతక్కా. రేపు పొద్దుగాల మా అవ్వను తీస్కొని మీ ఇంటికొస్తున్న. మీ నాయన కొలువు ఎందుకు పోయిందో ఆమెకు తెలుసు.'