పేరు మార్చకు బిడ్డా

రాజీ నవల్లోకి రైలు దూరింది.

తప్పు ఫోనుది. ఆమె కాగితాలు చూసి చదువుతుంటే అది విని టైపు చేస్తుంది. మేస్త్రి అమర్‌సింగ్ పారిపోయే ఘట్టంలో ఆమె మాటల పక్కనే స్టేషన్ మైకు మాటలూ ఎక్కేశాయి. ‘అమర్‌సింగ్ వెనక్కి తిరిగి చూడకుండా రెండవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును.’

రాజీ పళ్లు నూరుతూ ఆ ముక్క చెరిపేసింది.

చేత్తో రాసింది తీసుకోం, టైపు చేసి పంపమన్నాడు హైదరాబాదు ప్రచురణకర్త. అద్దె గదికి అటూ ఇటూ టీవీల మోత. అందుకే కుట్టు షాపు నుంచి రాగానే డోర్నకల్ స్టేషన్ చివరి బెంచీ మీద కూర్చుని, తన మొదటి నవలను ఫోనుకు చదివి వినిపిస్తోంది.

నవల అనడమే గానీ, అది పగ.

కూలీలను మిరప తోటలకు తీసుకెళ్తున్న ట్రాక్టరు బోల్తా పడితే, రాజీ తండ్రి లింగ్యాను రోడ్డు పక్కన వదిలేసి పారిపోయాడు ఆ కూలీల మేస్త్రి అమర్‌సింగ్. లింగ్యా అక్కడే ప్రాణం విడిచాడు. అప్పటికి రాజీ ఇంకా తల్లి కడుపులోనే ఉంది. తల్లి రామి చచ్చేదాకా ఆ పేరును తిడుతూనే ఉంది. రాజీకి ఆ కోపం ఉగ్గుపాలతోనే అబ్బింది.

"రైలొచ్చింది బాపూ. ఎక్కవా?" అంది రాజీ.

బెంచీ అవతలి చివర సంచి పట్టుకుని లేచిన ముసలాయన మళ్లీ కూర్చున్నాడు. రైలు వెళ్లిపోయింది.

"గిప్పుడు సదివినవు గదా. ఎవరి కత బిడ్డా గది?"

"మా నాయిన పానం తీసినోనిది. మొగుళ్లపల్లిల ఉంటడట. వానికి చదువు రాదు. అచ్చయినంక వాని ఇంటి ముంగట, నడి బజార్ల కూసోని నేనే చదువుత. ఊరంత ఇనాలె."

"జర మొదటి నుంచి సదువుతవా?"

తన రాత ఒక మనిషిని రైలెక్కకుండా ఆపిందని రాజీ మురిసిపోయింది.

మర్నాడూ వచ్చాడు. కూతురింట్లో ఉండి దవాఖానకు తిరుగుతున్నాడట. మాటను బట్టి తండా మనిషేనని తెలిసింది గానీ, పేరు అడగాలని ఆమెకు తోచలేదు. అచ్చుకాని రచయితకు వినేవాడు దొరికాడు, అంతే చాలనుకుంది. ఆమె గొంతు బొంగురుపోతే ఆయనే లేచి, బాటిల్ తీసుకెళ్లి కుళాయి నీళ్లు పట్టుకొచ్చేవాడు.

"తాగి సదువు బిడ్డా. ఆపకు."

తండ్రి చావు దగ్గరికొచ్చింది. ‘లింగ్యా ఒక్క మాటైనా లేకుండా కన్నుమూశాడు’ అని చదివింది.

"గట్ల గాదు. నీళ్లడిగిండని రాయి."

"మా అవ్వ గట్ల చెప్పలే బాపూ. అవ్వ ఆడ లేకుండె," అంది రాజీ, తల్లి చెప్పిన మాటలు గుర్తు చేసుకుంటూ.

"అడగకుంట ఎట్లుంటడు? అడిగిండు, మేస్త్రి ఇనబడనట్టు ఉరికిండని రాయి."

రాజీ రాసింది. ఆ ముక్కతో అమర్‌సింగ్ మరింత నీచుడయ్యాడు. ఆమెకు కడుపు నిండినట్టయింది.

"ఆఖరికి వాడు ఎట్ల సస్తడు?" అన్నాడు ముసలాయన.

"పాము కరిసి."

"గంత జల్దిన వద్దు. బతుకనియ్యి. బతికి, గీ కతంత ఇననియ్యి."

అది ఇంకా పెద్ద శిక్ష అనిపించింది రాజీకి. పామును నవల్లోంచి తీసేసింది.

నవల పంపిన కొన్నాళ్లకు ప్రచురణకర్త ఫోను చేశాడు.

"బాగుందమ్మా. ఈ అమర్‌సింగ్ నిజం మనిషేనా? బతికే ఉన్నాడా?"

"ఉన్నడు సార్."

"అయితే పేరు మార్చండి, కేసు వేస్తాడు. లేదంటే అతనే సరేననాలి."

పేరు మారిస్తే ఇక పగ ఎక్కడిది? పోనీ, వాడి దగ్గరికెళ్లి బతిమాలుకోవడమా? అంతకంటే నవలను పొయ్యిలో పెట్టడం నయం. ఆ సాయంత్రం బెంచీ మీద ముసలాయనతో చెబుతూ కుతకుతలాడిపోయింది.

ఆయన ఆమె నీళ్ల బాటిల్‌కు మూత బిగించి పక్కన పెట్టాడు.

"పేరు మార్చకు బిడ్డా. వాడు కేసెయ్యడు."

"నీకెట్ల ఎరుక?"

"గసుంటోనికి కోర్టుల నిలబడే మొఖం ఏడుంటది?"

ఆ మాట రాజీకి నచ్చింది. కేసైతే తానే చూసుకుంటానని ప్రచురణకర్తను ఒప్పించింది. తర్వాత ముసలాయన స్టేషన్‌కు రాలేదు. ఆమె కూడా వెతకలేదు.

పుస్తకం చేతికి రాగానే షాపుకు సెలవు పెట్టి మొగుళ్లపల్లి వెళ్లింది. ఇల్లు అడిగి పట్టుకుంది. అరుగు మీద ఒక ముసలామె బియ్యం ఏరుతోంది.

"అమర్‌సింగ్ మేస్త్రిని బయటికి రమ్మను. లింగ్యా బిడ్డ రాజీ వచ్చిందని చెప్పు."

"ఆయన పోయి నెల దాటింది బిడ్డా. నేను ఆయన పెండ్లాన్ని, చిలుకమ్మను."

రాజీకి ఒళ్లు మండిపోయింది. చచ్చి కూడా తప్పించుకున్నాడు. ఇన్నేళ్లు మోసుకొచ్చిన పగను ఇప్పుడు ఎవరి ముందు దించాలి? పుస్తకాన్ని ఆ గుమ్మానికేసి కొట్టాలనిపించింది.

చిలుకమ్మ ఆ పుస్తకం వైపు చూసింది. లోపలికెళ్లి చాప తెచ్చి వీధి నడుమ పరిచింది. అటూ ఇటూ ఇళ్లవాళ్లను పిలిచింది.

"ఏందిది?" అంది రాజీ.

"నువ్వొస్తవని చెప్పి పోయిండు. నడి బజార్ల కూసోని సదువుతది, ఎవలూ అడ్డం పోవద్దన్నడు. అండ్ల ఒక్క అబద్ధం లేదన్నడు."

చదువు రానివాడికి, అచ్చుకాని పుస్తకంలో ఏముందో ఎలా తెలుసు?

చిలుకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"ముందుగాల తాగు బిడ్డా. డోర్నకల్ బెంచీ మీద సదివేటప్పుడు నీ గొంతు ఎండుకపోయేదట, మరువకుండ నీళ్లియ్యమన్నడు."